విడిపోవడానికీ ఒక చోటు కావాలి

(మహిళా కార్యకర్తలు, న్యాయవాదుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇద్దరు స్త్రీల మధ్య ప్రేమ సంబంధం ముగిసిపోయినప్పుడు వాళ్ళకేమవుతుందో మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. విషయం వినగానే కొందరు మిత్రులు ఒక సందేహం వెలిబుచ్చారు. ఇద్దరాడవాళ్ళు కలిసి బతుకుతామంటేనే ఇల్లూ, ఊరూ, పోలీస్ స్టేషనూ ఒక్కటై మీద పడుతున్నాయి కదా, ముందు కలిసుండే హక్కు సంగతి చూడకుండా విడిపోవడం గురించి ఇప్పుడే ఎందుకు అన్నారు. ఇలాంటి సంబంధాలు ఎలాగూ నిలవవని ప్రచారం చేసేవాళ్ళ చేతికి మనమే కర్ర అందించినట్టవుతుందని కూడా భయపడ్డారు.

ఆ భయం నాకు అర్థమవుతుంది. అయినా ఒక్కసారి మన అనుభవాన్నే గుర్తు చేసుకుందాం. పెళ్ళి గురించి మహిళా ఉద్యమం నేర్చుకున్నదంతా చాలావరకు పెళ్ళి చెడిపోయిన చోటే నేర్చుకుంది. భర్త కొడితేనో, వెళ్ళగొడితేనో, ఇంకొకామెను తెచ్చుకుంటేనో తప్ప స్త్రీలు మన సంఘాల గడప తొక్కలేదు. భరణం అంటే ఏమిటి, పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం ఎవరిది, పిల్లలెవరి దగ్గరుండాలి, తను కట్టిన ఇంట్లోంచి ఆమె ఎందుకు పోవాలి అన్న ప్రశ్నలన్నీ అప్పుడే పుట్టాయి. పెళ్ళిలో స్త్రీకి ఏమీ లేదన్న సంగతి విడాకుల కోర్టు మెట్ల మీద కూర్చున్నప్పుడే మనకు తెలిసింది. ఇద్దరు స్త్రీల సహజీవనానికి కూర్చోవడానికి ఆ మెట్లు కూడా లేవు. అందుకే ఈ విషయం ఇప్పుడే మాట్లాడాలి.

విడదీయడం వేరు, విడిపోవడం వేరు

మొట్టమొదట ఒక తేడా గుర్తించాలి. సంబంధం ముగిసింది అని మనం ఒకే మాట వాడతాం గానీ, అందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఇతరులు పూనుకుని విడదీయడం ఒకటి. వాళ్ళిద్దరిలో ఒకరో, ఇద్దరూనో ఇక చాలనుకుని విడిపోవడం ఇంకొకటి. మొదటిది హింస. రెండోది హక్కు. ఈ రెంటినీ కలగలిపేస్తే రెండువైపులా అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

విడదీయడానికి మన దేశంలో చాలా చరిత్ర ఉంది. 1987 డిసెంబరులో మధ్యప్రదేశ్ సాయుధ పోలీసు దళంలో పనిచేసే ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు పెళ్ళి చేసుకున్నారు. సంగతి బయటికి రాగానే, కొద్ది వారాల్లోనే ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. స్త్రీలు ఎవరి మీదా ఆధారపడకుండా బతకడానికి మొదటి మెట్టు ఉద్యోగమే కాబట్టి దెబ్బ ముందు అక్కడే కొట్టారు. 2011లో పశ్చిమ బెంగాల్‌లోని నందిగ్రామ్ ప్రాంతంలో ఇద్దరు యువతులు కలిసి ప్రాణం తీసుకున్నారు. ఒకామెకు అప్పటికే పెళ్ళి చేసేశారు. చనిపోయిన తర్వాత వాళ్ళ శవాలను తీసుకోవడానికి కుటుంబాలు ముందుకు రాలేదు. ఆ ఘటన మీద తర్వాత బెంగాలీలో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. దానికి పెట్టిన పేరులో 'బేవారిష్' అన్న మాట ఉంది. మనకూ తెలిసిన మాటే, దిక్కులేని శవమని. కేరళలో ఇలాంటి జంట ఆత్మహత్యల వార్తలు వరసగా రావడంతోనే 2002లో 'సహయాత్రిక' అనే బృందం మొదలైంది.

మన జిల్లాల్లో ఇది ఎలా జరుగుతుందో ఇక్కడున్న కార్యకర్తలకు నేను చెప్పనక్కర్లేదు. అమ్మాయి ఇల్లు విడిచి స్నేహితురాలి దగ్గరకు పోతుంది. మర్నాడు తప్పిపోయిందని ఫిర్యాదు, ఆ తర్వాత స్నేహితురాలి మీద కిడ్నాప్ కేసు. పోలీసులు ఇద్దర్నీ పట్టుకొస్తారు. ఇద్దరికీ పద్దెనిమిది నిండినా సరే, తల్లిదండ్రులకు అప్పగించి పంపుతారు. రెండు నెలలు తిరక్కుండా ఒకామె పెళ్ళి శుభలేఖ రెండోఆమెకు అందుతుంది. పోకపోతే అనుమానమని, ప్రాణ స్నేహితురాలి హోదాలో ఆ పెళ్ళికి పోయి, పెళ్ళికూతురికి జడ వేసి, పక్కన నిలబడి ఫోటో దిగి వచ్చిన స్త్రీలున్నారు. భర్త పోయిన స్త్రీని పరామర్శించడానికి పదిమంది వస్తారు. ఈమెకు ఏడవడానికి చాటు కూడా దొరకదు.

అప్పగించే ముందు పోలీసులో, కోర్టో అమ్మాయిని అడుగుతారు, ఎవరితో వెళ్తావని. తల్లి ఏడుస్తూ ఎదురుగా ఉంటుంది. మేనమామలు గుమ్మంలో నిలబడి ఉంటారు. ఇంటికి వెళ్తానంటుంది. ఆ మాట ఆమె ఇష్టమా, భయమా? 2024 మార్చి 11న సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఈ ప్రశ్నను ఎదుర్కొంది. ఆ కేసులో యువతి తల్లిదండ్రుల దగ్గరే ఉంటానంది. కోర్టు ఆ మాటను అంగీకరించింది. అయితే ముందు ముందు ఇలాంటి హెబియస్ కార్పస్ పిటిషన్లలో కోర్టులు ఎలా వ్యవహరించాలో మార్గదర్శకాలు ఇచ్చింది. కుటుంబం ఒత్తిడి లేని చోట, ఏకాంతంగా, స్వేచ్ఛగా మాట్లాడే వాతావరణంలో ఆమె మాట వినాలని, పిటిషన్ వేసినవారికీ ఆమెకూ మధ్య సంబంధం ఎలాంటిదని తవ్వకూడదని, ఆమె లైంగికతను మార్చే ఉద్దేశంతో కౌన్సెలింగ్‌కు పంపకూడదని చెప్పింది. అంతకు ముందు 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టు, మదురై నుంచి పారిపోయి వచ్చిన ఇద్దరు యువతుల కేసులో, ఇద్దరూ వయసొచ్చినవాళ్ళై ఇష్టపూర్వకంగా కలిసి ఉంటున్నారని తేలితే తప్పిపోయిన ఫిర్యాదును మూసేయాలని పోలీసుల్ని ఆదేశించింది. 2022 మే 31న కేరళ హైకోర్టు, తల్లిదండ్రులు విడదీసిన ఇద్దరు యువతుల్ని కలిసి బతకనిచ్చింది. మద్రాసు, కేరళ ఉత్తర్వులకు మన పోలీసులు కట్టుబడి ఉండాలని లేకపోయినా, స్టేషన్‌లో కాగితం చూపించి మాట్లాడటానికి పనికొస్తాయి. సుప్రీంకోర్టు మార్గదర్శకాలు మాత్రం మన కోర్టులకూ వర్తిస్తాయి.

ఎవరూ చూడని ముగింపు

ఇక రెండో సంగతి. ఎవరూ విడదీయకుండానే విడిపోవడం. దీని గురించి మన సంఘాల్లో దాదాపు మాటే లేదు. పేర్లూ ఊళ్ళూ అడక్కండి, స్త్రీలు నమ్మకంతో చెప్పుకున్న సంగతుల్ని కలిపి చెబుతున్నాను.

కారణాలు చూస్తే ఏ కాపురంలోనైనా ఉండేవే. డబ్బు, అనుమానం, విసుగు, ఇంటిపని ఒకరి మీదే పడటం, ఒకరికి పిల్లలు కావాలనుకోవడం, మరొకరి మీద మనసు పోవడం. ఆడవాళ్ళిద్దరూ కాబట్టి ఆ ఇంట్లో అన్నీ సమానంగా ఉంటాయన్నది మన ఆశ. ఎక్కువ జీతం వచ్చే ఆమె ఎక్కడా మగవాడిలా ప్రవర్తించదని హామీ ఏమీ లేదు. అధికారం ఎక్కడ పోగుపడితే అక్కడ దాని పని అది చేస్తుంది.

ఈ మామూలు కారణాలకు తోడు ఈ సంబంధాలకే ప్రత్యేకమైనవి కొన్ని ఉన్నాయి. మొదటిది రహస్యం. ఒకరు ఇంట్లో చెప్పేద్దామంటారు, ఇంకొకరు చచ్చినా చెప్పొద్దంటారు. ఇంటివాళ్ళు వస్తున్నారంటే రెండు మంచాలు వేరువేరుగా సర్దడం, ఫోటోలు దాచడం, అక్కాచెల్లెళ్ళమని ఇంటి ఓనరుకు చెప్పిన అబద్ధం గుర్తుపెట్టుకోవడం, ఏళ్ళ తరబడి చేస్తే ఏ ప్రేమైనా అలిసిపోతుంది.

రెండోది నెమ్మదిగా చేసే ఒత్తిడి. ఇందులో పోలీసులుండరు, తాళం వేసిన గదులుండవు. ప్రతి సంక్రాంతికీ ఇంటికి పోతే ఒక సంబంధం సిద్ధంగా ఉంటుంది. అమ్మకు బీపీ పెరుగుతుంది. నీ వల్ల చెల్లెలి పెళ్ళి ఆగిపోయిందంటారు. ఐదేళ్ళో పదేళ్ళో ఇలా గడిచాక ఒకరోజు ఫోన్లో అయిపోతుంది. తర్వాత ఇద్దరూ ఒకర్నొకరు నిందించుకుంటారు, నీకు ధైర్యం లేదని ఒకరు, నువ్వు ఓపిక పట్టలేదని ఒకరు. బయటివాళ్ళ చేయి ఎవరికీ కనబడదు. విడదీయడానికీ విడిపోవడానికీ మధ్య గీత గీశాను గానీ, ఇలాంటి చోట ఆ గీత చెరిగిపోతుంది. కార్యకర్తలు ఓపిగ్గా వినవలసింది ఇక్కడే.

మూడోది పెళ్ళయిన స్త్రీల సంగతి. స్త్రీని ప్రేమించిన స్త్రీలందరూ ఇల్లు విడిచి పోలేదు. పక్కింటి అక్క, తోటికోడలు, బడిలో తోటి టీచరు, ఇలా పిలుచుకునే బంధాల్లోనే చాలామంది బతికారు. భర్తకు బదిలీ అయితే అది ముగిసిపోతుంది. సామాను లారీ ఎక్కుతుంటే గుమ్మంలో నిలబడి చూసిన ఆమెకు, తను పోగొట్టుకున్నదానికి పేరు కూడా ఉండదు. ఆ తర్వాత ఆరునెలలు తలనొప్పి అనీ, నిద్ర పట్టదనీ ఆస్పత్రుల చుట్టూ తిరుగుతుంది.

నాలుగోది కులం. దళిత అమ్మాయీ పై కులపు అమ్మాయీ కలిసి ఉంటే రెండు కుటుంబాల కోపమూ ఒకేలా పడదు. మా అమ్మాయిని చెడగొట్టిందన్న నింద ఎవరి మీద పడుతుందో మనకు తెలుసు. కేసు ఎవరి మీద పెడతారో కూడా తెలుసు. తెగిపోయిన తర్వాత ఒకామె తిరిగి వెళ్ళడానికి పెద్ద ఇల్లు ఉంటుంది, నాలుగు తిట్లు తిట్టినా అన్నం పెడతారు. ఇంకొకామె ఊరు వదిలి, పని వదిలి, తల్లిదండ్రుల్ని ప్రమాదంలో పడేసి వచ్చి ఉంటుంది.

వీటన్నిటి మీదా ఒక సిగ్గు. ప్రపంచమంతటితో పోట్లాడి ఇల్లు కట్టుకున్నాక, ఆ ఇంట్లో సుఖం లేదని ఎవరితో చెప్పుకోవాలి? మేం ముందే చెప్పలేదా అనడానికి అందరూ కాచుకుని ఉంటారు. అందుకే కొట్టినా పడి ఉన్నవాళ్ళున్నారు. విడిచిపోతే మీ నాన్నకు చెప్పేస్తాను, ఆఫీసులో చెప్పేస్తాను, ఫోటోలు పంపిస్తాను అని బెదిరిస్తే నోరు మూసుకుని జీతం చేతిలో పెట్టినవాళ్ళున్నారు. ఈ హింస గురించి మాట్లాడితే తమవాళ్ళ పరువు పోతుందని స్నేహబృందాలు కూడా సర్దుకుపొమ్మంటాయి. కుటుంబ గౌరవం పేరుతో సర్దుకుపొమ్మనే మాట మనం ఎక్కడో విన్నదే కదా.

ఆ స్నేహబృందం కూడా చిన్నది. ఊళ్ళో తమలాంటి పదిమంది ఉంటే ఆ పదిమందీ ఇద్దరికీ స్నేహితులే. విడిపోయిన రోజున ఆ పదిమందిలో సగం పోతారు. ఆఫీసులో సెలవు అడగాలంటే ఏమని రాస్తారు? రూమ్మేట్ మారిందని సెలవు ఎవరిస్తారు? మర్నాడు పొద్దున్నే ముఖం కడుక్కుని బస్సెక్కాలి.

చెప్పవలసిన మంచి కూడా ఒకటుంది. విడిపోయాక ఒకరికొకరు ఆప్తులుగా మిగిలిన స్త్రీలున్నారు. జ్వరం వస్తే కబురు పెట్టేది పాత సహచరికే. ఆస్పత్రిలో రాత్రంతా కూర్చునేదీ ఆమే. పెళ్ళి, విడాకులు అన్న రెండు గదులే తెలిసిన సమాజానికి ఈ బంధానికి ఏ పేరు పెట్టాలో తెలియదు.

చట్టం ఎక్కడుంది?

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ నుంచి వయోజనుల ఇష్టపూర్వక సంబంధాలను తొలగించింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. అంటే ఈ సంబంధం నేరం కాదు. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వడం తన పని కాదని, వివాహం ప్రాథమిక హక్కు కాదని చెప్పింది. పౌర సంబంధంగానైనా గుర్తించాలన్న విషయంలో ముగ్గురు వద్దన్నారు, ఇద్దరు కావాలన్నారు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లనూ కొట్టేశారు. కాబట్టి నేరమూ కాదు, బంధమూ కాదు. అలాంటిది తెగితే చట్టం దృష్టిలో తెగిందేమీ లేదు.

దీని ఫలితం డబ్బు దగ్గర మొదలవుతుంది. ఇద్దరూ పదేళ్ళు కలిసి ఉన్నారనుకోండి. ఫ్లాటు ఒకామె పేరు మీద ఉంది, ఎందుకంటే బ్యాంకు లోను ఆమె జీతం మీద వచ్చింది. రెండో ఆమె జీతం బియ్యానికీ, కరెంటుకూ, గ్యాసుకూ పోయింది. విడిపోయిన రోజున ఒకామెకు ఇల్లు మిగిలింది, ఇంకొకామెకు రెండు పెట్టెలు మిగిలాయి. భరణం అడిగే హక్కు లేదు. మిగిలేది మామూలు సివిల్ చట్టమే. ఇద్దరి పేర్లూ దస్తావేజులో ఉంటే భాగం కోసం దావా వేయవచ్చు. అప్పుగా ఇచ్చిన డబ్బయితే రుజువుతో, మూడేళ్ళ కాలపరిమితి దాటకుండా దావా వేయాలి. ప్రేమతో ఇచ్చినదానికి రసీదు ఎవరు రాయించుకుంటారు?

హింస విషయంలో 2005 గృహహింస చట్టం ఉంది. ప్రతివాది వయోజనుడైన పురుషుడే కావాలన్న మాటను 2016లో హర్సోరా కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. స్త్రీ మీద కూడా స్త్రీ కేసు పెట్టవచ్చు. కానీ ఇద్దరి మధ్యా ఆ చట్టం చెప్పిన 'గృహ సంబంధం' ఉండాలి. రక్తసంబంధమో, వివాహమో, దత్తతో, ఉమ్మడి కుటుంబమో, లేదా వివాహం వంటి సంబంధమో అయి ఉండాలి. వివాహం వంటి సంబంధమంటే ఏమిటో 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు వివరిస్తూ, ఇద్దరూ చట్టప్రకారం పెళ్ళాడడానికి అర్హులై ఉండాలంది. ఇద్దరు స్త్రీలు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతారు. కాబట్టి సహచరి కొడితే మామూలు నేరచట్టం కిందే, గాయపరచడం, బెదిరించడం, బలవంతపు వసూలు కింద ఫిర్యాదు చేయాలి. ఫోటోలతో బెదిరిస్తే ఐటీ చట్టం కూడా ఉంది. అయితే ఇదే గృహహింస చట్టం ఇంకో దిక్కున బాగా పనికొస్తుంది. కూతుర్ని గదిలో పెట్టి తాళం వేసే, కొట్టే, ఫోను లాక్కునే తల్లిదండ్రుల మీద ఆ కూతురు రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. అత్తింటి హింసకే ఈ చట్టమన్న అలవాటులో పడి మనం దీన్ని అరుదుగా వాడుతున్నాం.

అన్నిటికంటే బాధాకరమైనది పిల్లల సంగతి. మన దత్తత నిబంధనల ప్రకారం ఒంటరి స్త్రీ దత్తత తీసుకోవచ్చు, ఇద్దరు స్త్రీలు జంటగా తీసుకోలేరు. కాబట్టి ఇద్దరూ కలిసి పెంచిన బిడ్డకు కాగితం మీద ఒక్క తల్లే ఉంటుంది. కన్న బిడ్డ అయినా అంతే. విడిపోయాక రెండో తల్లి బడి గేటు దగ్గర నిలబడి బిడ్డను చూడాలన్నా ఇంకొకామె దయ మీద ఆధారపడాలి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, మైనరు బంధువుకే గాక స్నేహితులకు కూడా సంరక్షకత్వం కోసం దరఖాస్తు చేసే వీలిచ్చింది. బిడ్డ సంక్షేమమే అక్కడ గీటురాయి. గెలుస్తామన్న హామీ లేదు గానీ తలుపు పూర్తిగా మూసి లేదు.

2025 మేలో మద్రాసు హైకోర్టు, పుట్టింటివాళ్ళు బంధించిన ఒక యువతిని విడిపిస్తూ, కుటుంబం ఏర్పడడానికి పెళ్ళొక్కటే దారి కాదని చెప్పింది. మంచి మాట. ఎంచుకున్న కుటుంబాన్ని ఒప్పుకున్న కోర్టు, ఆ కుటుంబం విడిపోతే ఇద్దరికీ న్యాయం చేసే పద్ధతి కూడా చెప్పేరోజు రావాలి.

చట్టం ఉన్నచోట

చట్టం వచ్చిన దేశాల్లో ఏం జరిగిందో చూద్దాం. స్వలింగ వివాహాన్ని 2001లో అందరికంటే ముందు చట్టం చేసింది నెదర్లాండ్స్. 2005లో పెళ్ళాడిన జంటల్ని ఆ దేశపు గణాంక సంస్థ పదేళ్ళ తర్వాత లెక్క చూస్తే, స్త్రీల జంటల్లో 30 శాతం, పురుషుల జంటల్లో 15 శాతం, స్త్రీపురుష జంటల్లో 18 శాతం విడాకులు తీసుకున్నారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2019లో స్వలింగ జంటల విడాకులు 822. అందులో 72 శాతం స్త్రీల జంటలవే.

ఈ లెక్కలు పట్టుకుని, చూశారా ఆడవాళ్ళకి ఆడవాళ్ళతో పొసగదు అనేవాళ్ళుంటారు. వాళ్ళకు ఇంకో లెక్క చూపించాలి. అదే 2019లో ఇంగ్లండ్, వేల్స్‌లలో స్త్రీపురుష జంటల విడాకుల్లో 62 శాతం భార్యలు వేసిన దరఖాస్తులే. సుఖం లేని బంధం నుంచి లేచి నిలబడేది ఎక్కువగా స్త్రీలే అన్నమాట. ఇద్దరూ స్త్రీలైన ఇంట్లో అలా లేచేవాళ్ళు ఇద్దరుంటారు. దీన్ని ఓటమిగా చూడడానికి నాకు కారణం కనబడదు. విడాకులు తక్కువగా ఉన్న మన దేశంలో కాపురాలు ఎంత సుఖంగా ఉన్నాయో మన సంఘాల రికార్డు పుస్తకాలు చెబుతాయి.

విదేశాల్లో ఉన్న మన తెలుగు అమ్మాయిల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. అమెరికాలో 2013 నుంచి స్వలింగ సహచరికీ డిపెండెంట్ వీసా దొరుకుతోంది. అక్కడ పెళ్ళి చేసుకుని, ఒకరి వీసా మీద ఇంకొకరు ఉన్నప్పుడు, విడాకులతో బాటు దేశంలో ఉండే హక్కూ పోవచ్చు. భర్త వీసా మీద పోయి కష్టపడిన స్త్రీల కేసులు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఇండియాకు తిరిగొచ్చాక విడిపోదామంటే ఇంకో చిక్కు. ఇక్కడి కోర్టు ఆ పెళ్ళినే గుర్తించదు కాబట్టి రద్దు చేయదు. చాలాచోట్ల విడాకులకు అక్కడ కొంతకాలం నివాసం ఉండాలి. కెనడా ఈ చిక్కు గమనించి, అక్కడ పెళ్ళాడి వేరే దేశంలో ఉంటున్న జంటలు కూడా అక్కడే విడాకులు తీసుకునేలా 2013లో చట్టం మార్చింది. పెళ్ళి హక్కు అడిగేటప్పుడు దాన్ని విడిచే దారిని కూడా అడగాలనడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

మనం చేయవలసింది

చట్టం వచ్చేదాకా ఊరుకోలేం. మన సంఘాల్లో రేపటి నుంచే చేయగల పనులు కొన్ని ఉన్నాయి.

మన దగ్గరకు వచ్చిన స్త్రీ, ఆ అమ్మాయితో తెగిపోయిందని చెబితే, పోనీలే ఇక పెళ్ళి చేసుకుని స్థిరపడు అన్న మాట మన నోటి వెంట రాకూడదు. తెగిపోవడం రోగం కుదరడం కాదు. విడాకులు తీసుకున్న స్త్రీతో, ఇక మగవాళ్ళ జోలికి పోకు అని మనం అనం కదా.

ఎవరు విడదీశారో, ఎవరు విడిపోయారో తెలుసుకోవాలి. అందుకు ఆమెతో ఒంటరిగా, ఒకటికి రెండుసార్లు మాట్లాడాలి. ఇద్దరూ మన దగ్గరకే వస్తే ఇద్దరికీ వేర్వేరు కార్యకర్తలు ఉండాలి. కలిసి పోరాడిన జంట కదా అని వాళ్ళను కలిపి ఉంచడం మన బాధ్యత అనుకోకూడదు. మన సభల్లో వేదికెక్కించిన జంటకు కూడా మర్నాడు విడిపోయే స్వేచ్ఛ ఉండాలి. వాళ్ళు ఉద్యమానికి జెండాలు కారు, మనుషులు.

ఆ మొదటి వారాలు ప్రమాదమైనవి. ఆమె ఒంటరిగా ఉండకుండా చూడాలి. పగలూ రాత్రీ పనిచేసే టెలి మానస్ నంబరు 14416. ఇంట్లో హింస ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181. 2017 మానసిక ఆరోగ్య చట్టం, వైద్యంలో లైంగికత ఆధారంగా వివక్ష చూపరాదంటోంది. వయసొచ్చిన ఎవరైనా తమ తరఫున నిర్ణయాల్లో తోడుండే ప్రతినిధిని ముందే రాసిపెట్టుకోవచ్చని కూడా అంటోంది. ఆ ప్రతినిధి తల్లో తండ్రో కానక్కర్లేదు. పుట్టింటివాళ్ళు బలవంతంగా ఆస్పత్రికి తీసుకుపోతారన్న భయం ఉన్న అమ్మాయికి ఆ ఒక్క కాగితం చాలా అండ.

కాగితాల సంగతి బాగున్నప్పుడే మాట్లాడుకోమని చెప్పాలి. అద్దె ఒప్పందంలో ఇద్దరి పేర్లూ ఉండాలి. ఇల్లు కొంటే ఎవరు ఎంత కట్టారో బ్యాంకు ద్వారానే కట్టి రుజువు ఉంచుకోవాలి. స్వలింగ సహచరులు ఉమ్మడి ఖాతా తెరవడానికీ, ఒకర్నొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డు లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. అయితే ఉమ్మడి ఖాతాలో ఒక్క సంతకంతో మొత్తం తీసేయవచ్చన్నది కూడా గుర్తుండాలి. నామినీ అంటే వారసురాలు కాదు, వీలునామా వేరే రాయాలి. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టంలో సహచరికి చోటే లేదు. విడిపోయాక ఈ పేర్లన్నీ మార్చుకోవడం మరిచిపోకూడదు. ఎవరు ఇంట్లో ఉంటారు, అడ్వాన్సు ఎలా పంచుకుంటారు, పిల్ల ఉంటే వారానికెన్నిసార్లు చూస్తారు అన్నది ముందే రాసుకుంటే, కోర్టులో ఎంతవరకు నిలుస్తుందన్నది తర్వాతి మాట, వాళ్ళిద్దరికీ అదొక ఆధారం. విడిపోవడం గురించి ముందే మాట్లాడుకుంటే ప్రేమ తగ్గుతుందని భయపడేవాళ్ళకు, బీమా కట్టినంత మాత్రాన ఎవరూ చావరని చెప్పండి.

వాళ్ళకు ఉండటానికి చోటు కావాలి. రాత్రికి రాత్రి ఇల్లు విడిచి వచ్చిన ఆమెకు, భర్త వెళ్ళగొట్టాడా అని అడగకుండా తలుపు తీసే వసతిగృహాలు కావాలి. మన వసతిగృహాల దరఖాస్తు ఫారాలు తిరగేసి చూడండి. భర్త పేరు, తండ్రి పేరు తప్ప ఇంకొకరి పేరు రాసే గడి అందులో ఉందా?

మిత్రులారా, ఒక బంధంలోకి ఎంత స్వేచ్ఛగా వెళ్తామో అంత స్వేచ్ఛగా బయటికి రాగలిగినప్పుడే అది బంధం. రాలేకపోతే అది చెర. ఈ మాట పెళ్ళి గురించి మనం అనేక ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాం. స్త్రీలను ప్రేమించే స్త్రీలకు కూడా అదే మాట వర్తిస్తుంది. బలవంతంగా విడదీస్తే అడ్డుకోవడానికీ, ఇష్టపడి విడిపోతే తోడు నిలవడానికీ, రెండింటికీ మన గుమ్మం తెరిచి ఉండాలి. ఈ చర్చను మీ మీ జిల్లాల సంఘాలకు తీసుకుపొమ్మని కోరుతున్నాను.